స్ప్రింగ్ బూట్‌లో రిక్వెస్ట్ నుంచి మెథడ్ ఆర్గ్యుమెంట్ దాకా: ఏ డేటా ఏ దారిన వస్తుంది

పోస్ట్ రిక్వెస్ట్ పంపాను, 200 వచ్చింది. డేటాబేస్‌లో కొత్త వరుస చేరింది. తెరిచి చూస్తే ఐడీ తప్ప అన్ని గడులూ ఖాళీ. ఎర్రర్ లేదు, లాగ్‌లో ఒక్క హెచ్చరిక లేదు. పంపిన జేసన్‌ను పదిసార్లు చూశాను, క్లాస్‌ను చూశాను, కాలమ్ పేర్లు చూశాను. సగం రోజు పోయాక దొరికింది: మెథడ్ ఆర్గ్యుమెంట్ ముందు @రిక్వెస్ట్‌బాడీ అనే అనోటేషన్ (స్ప్రింగ్‌కు సూచనగా కోడ్‌లో పెట్టే గుర్తు) రాయడం మరిచిపోయాను.

మరిచిపోతే ఎర్రర్ రావాలి కదా అనిపిస్తుంది. రాదు. అది ఎందుకు రాదో అర్థమైతే, రిక్వెస్ట్‌లోని డేటా మెథడ్ ఆర్గ్యుమెంట్లలోకి ఎలా చేరుతుందో దాదాపు అంతా అర్థమైనట్టే. అందుకే దీన్ని అడుగడుగునా విప్పి రాస్తున్నాను.

ఇక్కడ చెప్పేదంతా జావాలో వెబ్ ఏపీఐలు రాయడానికి వాడే స్ప్రింగ్ బూట్ 3 గురించి, అంటే దాని కింద ఉన్న స్ప్రింగ్ ఫ్రేమ్‌వర్క్ 6 గురించి. ఉదాహరణగా గుంటూరు మిర్చి యార్డు లాంటి మార్కెట్ యార్డుకు ఒక ఏపీఐ రాస్తున్నాం అనుకుందాం. రైతులు తెచ్చిన లాట్‌లు, ఒక్కో లాట్‌లో ఎన్ని టిక్కీలు (మిర్చి బస్తాలు), ఏ రకం, క్వింటా ధర ఎంత పలికింది: ఇవీ అందులో ఉండేవి. కోడ్‌లోని పేర్లను తెలుగు అక్షరాల్లోనే రాస్తున్నాను. ఎడిటర్‌లో మాత్రం మామూలుగా ఇంగ్లిష్‌లోనే టైప్ చేయండి.

## ముందు కాగితం మీద

కోడ్ ముట్టుకోకముందే ప్రతి ఆర్గ్యుమెంట్ పక్కన మూడు విషయాలు రాసుకోండి: ఇది రిక్వెస్ట్‌లో ఎక్కడి నుంచి వస్తుంది, రాకపోతే ఏం చేయాలి, ఎవరి మాట నమ్మి దీన్ని నింపుతున్నాం. మొదటి రెండూ అందరూ ఆలోచిస్తారు. ఏపీఐలు దెబ్బతినేది మూడోదాని దగ్గర.

మన ఉదాహరణలో ఒక రిక్వెస్ట్ ఇలా ఉంటుంది:

గెట్ /యార్డులు/7/లాట్‌లు?రకం=తేజ&తేదీ=2025-03-10&పేజీ=2

ఇందులో 7 అనేది యూఆర్ఎల్ దారిలో (పాత్) ఉంది, అది లేకపోతే ఆ చిరునామాకే అర్థం లేదు. ప్రశ్న గుర్తు తర్వాత వచ్చే రకం, తేదీ, పేజీ (ఈ భాగమే క్వెరీ) జల్లెడ పట్టడానికి మాత్రమే, లేకున్నా పని నడవాలి. లాట్ చూస్తున్న కమీషన్ ఏజెంట్ ఎవరన్నది యూఆర్ఎల్‌లో ఎక్కడా లేదు, ఉండకూడదు కూడా. అది లాగిన్ టోకెన్ నుంచి రావాలి.

## తెర వెనుక ఏం జరుగుతుంది

రిక్వెస్ట్ ముందుగా డిస్పాచర్‌సర్వ్‌లెట్ చేతికి వస్తుంది. ఏ మెథడ్‌ను పిలవాలో తేలాక, ఆ మెథడ్ ఆర్గ్యుమెంట్లను ఒక్కొక్కటిగా నింపే పని మొదలవుతుంది. దీనికోసం స్ప్రింగ్ దగ్గర రిజాల్వర్ల వరుస ఒకటి ఉంటుంది. వీటి ఇంటర్‌ఫేస్ పేరు హ్యాండ్లర్‌మెథడ్‌ఆర్గ్యుమెంట్‌రిజాల్వర్. ప్రతి ఆర్గ్యుమెంట్‌ను చూపించి "ఇది నీదేనా" అని వరుసలో ఒక్కొక్కరినీ అడుగుతుంది. మొదట ఎవరు అవునంటే వాళ్లే దాన్ని నింపుతారు.

వరుసలో ముందు నిలబడేవి అనోటేషన్‌ను చూసి గుర్తుపట్టే రిజాల్వర్లు: @పాత్‌వేరియబుల్, @రిక్వెస్ట్‌పరామ్, @రిక్వెస్ట్‌హెడర్, @కుకీవాల్యూ, @రిక్వెస్ట్‌బాడీ వగైరా. తర్వాత టైప్‌ను చూసి గుర్తుపట్టేవి. ఆ వెనుక మనం సొంతంగా చేర్చినవి. అందరికంటే చివర, మిగిలినవన్నీ ఏరుకునేవి రెండు. చిక్కంతా ఈ చివరి రెండింటి దగ్గరే ఉంది.

అనోటేషన్ లేని ఆర్గ్యుమెంట్ స్ట్రింగ్, ఇంటీజర్, తేదీ, ఈనమ్ లాంటి సాధారణ టైప్ అయితే, దానికి @రిక్వెస్ట్‌పరామ్ ఉన్నట్టే లెక్కవేస్తుంది, అదీ తప్పనిసరి కానిదిగా. సాధారణ టైప్ కాకపోతే @మోడల్‌ఆట్రిబ్యూట్ ఉన్నట్టు లెక్క. అంటే ఖాళీ ఆబ్జెక్ట్ ఒకటి తయారుచేసి, క్వెరీలోనో ఫారంలోనో అదే పేరుతో విలువలు ఉన్నాయేమో చూసి నింపుతుంది. నేను పంపింది జేసన్ బాడీ. దాన్ని ఎవరూ తెరవనే లేదు. క్వెరీలో ఏమీ లేదు. కాబట్టి ఖాళీ ఆబ్జెక్ట్ ఖాళీగానే నా మెథడ్‌లోకి వచ్చి, ఖాళీగానే డేటాబేస్‌కు వెళ్లింది. స్ప్రింగ్ లెక్కలో తప్పేమీ జరగలేదు.

అప్పటినుంచీ నా నియమం ఒకటే: అనోటేషన్ లేకుండా ఏ ఆర్గ్యుమెంటూ వదలను. పనిచేస్తున్నా సరే రాస్తాను. చదివేవాళ్లకు మెథడ్ సిగ్నేచర్ చూడగానే ఏది ఎక్కడినుంచి వచ్చిందో తెలియాలి.

## దారి, క్వెరీ

దారిలోని విలువకు @పాత్‌వేరియబుల్ చాలు. ఒక చిన్న జాగ్రత్త: పేరును అనోటేషన్ లోపల స్పష్టంగా రాయండి. రాయకపోతే స్ప్రింగ్ ఆర్గ్యుమెంట్ పేరునే వాడుకుంటుంది. ఆ పేరు కంపైలైన క్లాస్‌లో మిగలాలంటే కంపైలర్‌కు పారామీటర్స్ అనే ఫ్లాగ్ ఇవ్వాలి. స్ప్రింగ్ 6.1 కు ముందు డీబగ్ సమాచారం నుంచి పేరు లాగే ఏర్పాటు ఉండేది, 6.1 లో దాన్ని తీసేశారు. స్ప్రింగ్ బూట్ వాళ్ల మేవెన్ పేరెంట్, గ్రేడిల్ ప్లగిన్ ఆ ఫ్లాగ్‌ను తామే పెడతాయి. సొంత పేరెంట్ వాడే ప్రాజెక్టుల్లో మాత్రం బూట్ 3.2 కు మారగానే నిన్నటిదాకా నడిచిన ఏపీఐ 500 ఇవ్వడం మొదలుపెడుతుంది.

@రిక్వెస్ట్‌పరామ్ అప్రమేయంగా తప్పనిసరి. విలువ రాకపోతే 400 వెళ్తుంది. డిఫాల్ట్‌వాల్యూ ఇస్తే ఆ తప్పనిసరి దానంతట అదే పోతుంది. 'పేజీ=' అని ఖాళీగా వచ్చినా డిఫాల్ట్ విలువే పడుతుంది. మన పేజీకి ఇదే సరైన పద్ధతి, డిఫాల్ట్ 1 అని పెట్టండి.

తప్పనిసరి కాదని చెప్పి, టైప్‌ను మాత్రం ప్రిమిటివ్ ఇంట్‌గా ఉంచడం కొత్తవాళ్లు తరచూ చేసే పొరపాటు. విలువ రానప్పుడు స్ప్రింగ్ నల్ పెట్టాలని చూస్తుంది, ఇంట్‌లో నల్ పట్టదు, ఫలితం 500. తప్పు క్లయింట్‌ది కాదు, మనది. ఇంటీజర్ అని రాయండి. ప్రిమిటివ్ బూలియన్‌కు ఈ గొడవ లేదు, రాకపోతే ఫాల్స్ అవుతుంది. అది ఇంకా ప్రమాదం, ఎందుకంటే "కాదు అన్నాడు", "ఏమీ అనలేదు" అనే రెండూ ఒకటైపోతాయి.

ఒకే పేరుకు చాలా విలువలు కావాలంటే లిస్ట్ తీసుకోవచ్చు: రకం=తేజ&రకం=బాడిగ. రకం=తేజ,బాడిగ అని కామాతో పంపినా స్ప్రింగ్ విడదీస్తుంది. సౌకర్యమే, కానీ విలువలోనే కామా ఉంటే అది కూడా రెండు ముక్కలవుతుంది. ఊరిపేరు, జిల్లాపేరు కలిపి ఒకే విలువగా పంపేచోట ఇది గుర్తుంచుకోండి.

## తెలుగు అక్షరాలు క్వెరీలో ప్రయాణించేటప్పుడు

మన వాడుకరులు వెతుకుడు పెట్టెలో తెలుగులో టైప్ చేస్తారు. దీని గురించి ట్యుటోరియల్స్‌లో అరుదుగా కనిపిస్తుంది కాబట్టి కాస్త ఆగి చెబుతాను.

యూటీఎఫ్-8 లో ఒక్కో తెలుగు కోడ్‌పాయింట్‌కు (యూనికోడ్ ఒక్కో గుర్తుకు ఇచ్చిన సంఖ్య) 3 బైట్లు. యూఆర్ఎల్‌లోకి వెళ్లేటప్పుడు ఒక్కో బైట్ ఒక పర్సెంట్ గుర్తు, రెండు అక్షరాలుగా మారుతుంది. 'తేజ' అన్న మాటలో త, ఏత్వం, జ అని మూడు కోడ్‌పాయింట్లు. అంటే 9 బైట్లు, యూఆర్ఎల్‌లో 27 అక్షరాలు. స్ప్రింగ్ బూట్‌తో వచ్చే టామ్‌క్యాట్ రిక్వెస్ట్ మొదటి వరుసకూ హెడర్లకూ కలిపి అప్రమేయంగా 8 కేబీ మాత్రమే ఇస్తుంది. లెక్క వేస్తే దాదాపు 900 తెలుగు కోడ్‌పాయింట్లు, హెడర్లకు పోయేది తీసేస్తే ఇంకా తక్కువ. రైతు ఫిర్యాదు మొత్తాన్ని క్వెరీలో పంపే ఆలోచన ఉంటే మానుకోండి, దాని చోటు బాడీ.

రెండోది, కంటికి ఒకేలా కనిపించే మాటలు కంప్యూటర్‌కు వేరు కావచ్చు. ఐత్వాన్ని ఒకే కోడ్‌పాయింట్‌గా రాయొచ్చు, ఎత్వానికి ఐత్వపు పొడవు గుర్తు చేర్చి రెండుగానూ రాయొచ్చు. యూనికోడ్ ఈ రెండూ సమానమే అంటుంది, జావా ఈక్వల్స్ మాత్రం కాదంటుంది. అలాగే 'రామ్‌బాబు' అన్న పేరులో పొల్లు నిలవడానికి కీబోర్డు మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను పెడుతుంది. మాట చివర అది మిగిలిపోతే కంటికి కనపడదు, ట్రిమ్ చేసినా పోదు.

పరిష్కారం: @కంట్రోలర్‌అడ్వైస్ క్లాస్‌లో @ఇనిట్‌బైండర్ మెథడ్ ఒకటి రాసి, స్ట్రింగ్ టైప్‌కు సొంత ప్రాపర్టీ ఎడిటర్ నమోదు చేయండి. అందులో నార్మలైజర్‌తో ఎన్‌ఎఫ్‌సీ అనే ఒకే ప్రామాణిక రూపానికి మార్చి, మాట చివరి నాన్ జాయినర్‌ను కత్తిరించండి. దారి, క్వెరీ, ఫారం అన్నింటికీ ఇది వర్తిస్తుంది. జేసన్ బాడీకి వర్తించదు, దాని సంగతి కిందకు వస్తుంది.

అంకెల్లోనూ ఒక విశేషం ఉంది. పేజీ=౨ అని తెలుగు అంకెతో పంపితే స్ప్రింగ్ దాన్ని 2 గానే తీసుకుంటుంది, ఎందుకంటే జావా ఇంటీజర్ మార్పిడి యూనికోడ్ దశాంశ అంకెలన్నింటినీ గుర్తిస్తుంది. చాలా సంతోషం. అయితే 0ఎక్స్10 అని హెక్సాలో పంపినా ఒప్పుకుని 16 చేస్తుంది. అంకెకు హద్దులు లేకుండా వదలకూడదనడానికి ఇదొక కారణం.

## తేదీలు, ప్లస్ గుర్తు

10-03 అంటే మనకు మార్చి 10. అమెరికాలో అక్టోబర్ 3. క్వెరీలో లోకల్‌డేట్ తీసుకునేటప్పుడు ఏ ఫార్మాటో చెప్పకపోతే స్ప్రింగ్ లొకేల్‌ను బట్టి ఉండే పొట్టి ఫార్మాట్‌ను ముందు ప్రయత్నిస్తుంది. ఆర్గ్యుమెంట్‌కు @డేట్‌టైమ్‌ఫార్మాట్ పెట్టి ఐఎస్ఓ తేదీ అని తేల్చి చెప్పండి. అన్నిచోట్లా ఒకేసారి కావాలంటే అప్లికేషన్ ప్రాపర్టీస్‌లో స్ప్రింగ్.ఎంవీసీ.ఫార్మాట్.డేట్ కు ఐఎస్ఓ అని ఇవ్వండి.

సమయం కూడా ఉంటే మన దేశపు ఆఫ్‌సెట్ +05:30 వస్తుంది. క్వెరీలో ప్లస్ గుర్తుకు ఖాళీ అని అర్థం. ఎన్‌కోడ్ చేయకుండా పంపితే సర్వర్‌కు చేరేసరికి ప్లస్ పోయి ఖాళీ మిగులుతుంది, తేదీ మార్పిడి విరిగి 400 వస్తుంది. +91 తో మొదలయ్యే ఫోన్ నంబర్లకూ ఇదే గతి, పైగా అవి స్ట్రింగ్‌లు కాబట్టి ఎర్రర్ కూడా రాదు, నంబర్ దొరకలేదని మాత్రమే వస్తుంది. క్లయింట్ రాసేవాళ్లకు ప్లస్‌ను పర్సెంట్ 2బి గా పంపమని డాక్యుమెంట్‌లో రాయండి.

## సొంత కన్వర్టర్: 334 కథ

మిర్చి రకాలను ఈనమ్‌గా పెడదామనుకోవడం సహజం. కానీ యార్డులో తేజ, బాడిగతో పాటు 334, 341 అనే రకాలూ ఉన్నాయి. జావాలో పేరు అంకెతో మొదలవదు, కాబట్టి 334 ఈనమ్ విలువ పేరు కాలేదు. నంబర్‌గా తీసుకుందామా అంటే తేజ నంబర్ కాదు.

ఇలా చేయండి. ఈనమ్ విలువలకు రకం_334 లాంటి పేర్లు పెట్టి, ప్రతిదానికీ ఒక కోడ్ ఫీల్డ్ ఇవ్వండి. 'కోడ్‌నుంచి' అనే స్టాటిక్ మెథడ్ రాయండి, అది కోడ్ స్ట్రింగ్ తీసుకుని సరిపోయే ఈనమ్ ఇస్తుంది, లేకపోతే ఇల్లీగల్‌ఆర్గ్యుమెంట్ ఎక్సెప్షన్ విసురుతుంది. తర్వాత స్ట్రింగ్ నుంచి ఆ ఈనమ్‌కు మార్చే కన్వర్టర్ క్లాస్ రాసి, లోపల ఆ మెథడ్‌నే పిలిచి, @కాంపొనెంట్ పెట్టండి. స్ప్రింగ్ బూట్ దాన్ని దానంతట అదే నమోదు చేసుకుంటుంది. తెలియని రకం వస్తే క్లయింట్‌కు 400 వెళ్తుంది, మనం వేరే ఏమీ రాయనక్కర్లేదు.

ఇక్కడితో ఆపితే సగం పనే అయినట్టు. దారి, క్వెరీ, హెడర్ విలువలను మార్చేది స్ప్రింగ్ కన్వర్షన్ సర్వీస్. బాడీని మార్చేది జాక్సన్ అనే జేసన్ లైబ్రరీ. ఒకరి నియమాలు మరొకరికి తెలియవు. కన్వర్టర్‌ను జాక్సన్ చూడదు, @డేట్‌టైమ్‌ఫార్మాట్‌నూ చూడదు. క్వెరీలో 334 పనిచేస్తూ, అదే 334 బాడీలో పంపితే 400 వచ్చిందంటే కారణం ఇదే. 'కోడ్‌నుంచి' మెథడ్ మీద @జేసన్‌క్రియేటర్ కూడా పెట్టండి, అప్పుడు రెండు దారులూ ఒకే మెథడ్ దగ్గర కలుస్తాయి. బాడీలోని తేదీకి వేరే ఫార్మాట్ కావాలంటే @జేసన్‌ఫార్మాట్ వాడాలి. తెలుగు మాటల శుద్ధికి స్ట్రింగ్ డీసీరియలైజర్ ఒకటి విడిగా రాయాలి.

## బాడీ

@రిక్వెస్ట్‌బాడీ ఒక మెథడ్‌లో ఒకటే. బాడీ ఒక ప్రవాహం, ఒకసారి చదివితే అయిపోతుంది. రెండు ఆబ్జెక్టులు కావాలంటే రెండింటినీ పట్టే ఒక రికార్డ్ రాయండి. లాగ్ కోసం ముందే ఫిల్టర్‌లో బాడీ చదివేస్తే కంట్రోలర్‌కు ఏమీ మిగలదు.

లాట్ నమోదుకు రికార్డ్ రాయండి: రైతు పేరు, రకం, టిక్కీల సంఖ్య, క్వింటా ధర. టిక్కీలను ఇంట్‌గా పెడితే, క్లయింట్ ఆ ఫీల్డ్ మరిచిపోయినప్పుడు జాక్సన్ 0 పెడుతుంది. సున్నా టిక్కీల లాట్ పుస్తకంలోకి ఎక్కుతుంది. ఇంటీజర్ అని రాసి @నాట్‌నల్ పెట్టండి. ధర బిగ్‌డెసిమల్, డబుల్ కాదు, రైతు డబ్బుతో పైసల తేడా ఆటలు వద్దు.

స్ప్రింగ్ బూట్ 3 లో తెలియని ఫీల్డులను జాక్సన్ పట్టించుకోకుండా వదిలేసేలా అమర్చి ఉంటుంది. క్లయింట్ ధర బదులు దర అని పంపితే ఎవరూ ఏమీ అనరు, ధర నల్‌గా మిగులుతుంది. తప్పనిసరి ఫీల్డ్ అయితే @నాట్‌నల్ పట్టుకుంటుంది, ఐచ్ఛికమైతే జారిపోతుంది. సంస్థ లోపల మాత్రమే వాడుకునే ఏపీఐలకు నేను స్ప్రింగ్.జాక్సన్.డీసీరియలైజేషన్.ఫెయిల్-ఆన్-అన్‌నోన్-ప్రాపర్టీస్ ను ట్రూ చేస్తాను. ఫోన్ యాప్‌లు వేర్వేరు వెర్షన్లలో తిరిగే చోట ఆ పని చేసేముందు రెండుసార్లు ఆలోచించండి.

ప్యాచ్ రిక్వెస్ట్‌లో ఫీల్డ్ పంపకపోవడం, నల్ పంపడం రెండు వేర్వేరు మాటలు. మామూలు రికార్డ్‌లో రెండూ నల్‌గానే కనిపిస్తాయి. తేడా కావాలంటే జేసన్‌నోడ్‌గా తీసుకుని ఫీల్డ్ ఉందో లేదో అడగండి.

## ఎవరి మాట నమ్ముతున్నాం

కాగితం మీది మూడో ప్రశ్నకు వద్దాం. డేటాబేస్ ఎంటిటీనే నేరుగా @రిక్వెస్ట్‌బాడీగా తీసుకోవడం సులువు. లాట్ ఎంటిటీలో 'ఆమోదం' అనే ఫీల్డ్ ఉందనుకోండి. మన స్క్రీన్‌లో అది లేదు. కానీ ఎవరైనా చేత్తో జేసన్ రాసి ఆమోదం ట్రూ అని చేర్చి పంపితే, జాక్సన్ నమ్మకంగా నింపుతుంది. 2012 మార్చిలో గిట్‌హబ్‌లో జరిగింది ఇలాంటిదే: రైల్స్ అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో ఫారం విలువలన్నీ మోడల్‌లోకి పోయే లోపాన్ని వాడి, ఒక వాడుకరి తన పబ్లిక్ కీని రైల్స్ సంస్థ ఖాతాకు చేర్చగలిగాడు.

స్ప్రింగ్‌కూ తన పాఠం ఉంది. 2022 మార్చిలో బయటపడ్డ స్ప్రింగ్4షెల్ అనే భద్రతా లోపం, సీవీఈ-2022-22965, సరిగ్గా ఈ బైండింగ్‌లోనే పుట్టింది. @మోడల్‌ఆట్రిబ్యూట్ పద్ధతిలో పారామీటర్ పేరులో చుక్కలు పెట్టి లోపలి ప్రాపర్టీలకు వెళ్లొచ్చు. జావా 9 లో మాడ్యూళ్లు వచ్చాక క్లాస్.మాడ్యూల్.క్లాస్‌లోడర్ అనే దారి తెరుచుకుంది. టామ్‌క్యాట్‌లో వార్ ఫైల్‌గా పెట్టిన అప్లికేషన్లలో ఆ దారిన కోడ్ నడిపించే వీలు కలిగింది. 5.3.18, 5.2.20 వెర్షన్లలో సరిచేశారు.

కాబట్టి క్లయింట్ నింపదగ్గ ఫీల్డులు మాత్రమే ఉన్న రికార్డ్ వేరుగా ఉండాలి, ఎంటిటీ వేరుగా ఉండాలి. ఏజెంట్ ఐడీని బాడీలో అడగకండి. స్ప్రింగ్ సెక్యూరిటీ ఉంటే @ఆథెంటికేషన్‌ప్రిన్సిపల్ చాలు. దాన్నుంచి మన ఏజెంట్ ఆబ్జెక్ట్ ప్రతి మెథడ్‌లో తీస్తూ విసిగిపోతే సొంత రిజాల్వర్ రాసుకోండి:

1. @ప్రస్తుతఏజెంట్ అనే అనోటేషన్ తయారుచేయండి, అది పారామీటర్‌కు, రన్‌టైమ్‌లో నిలిచేలా.
2. హ్యాండ్లర్‌మెథడ్‌ఆర్గ్యుమెంట్‌రిజాల్వర్‌ను అమలుచేసే క్లాస్ రాయండి. సపోర్ట్స్‌పారామీటర్‌లో అనోటేషన్ ఉందో, టైప్ ఏజెంటేనో చూడండి. రిజాల్వ్‌ఆర్గ్యుమెంట్‌లో లాగిన్ సమాచారం నుంచి ఏజెంట్‌ను తెచ్చి ఇవ్వండి. దొరకకపోతే నల్ ఇవ్వొద్దు, ఎక్సెప్షన్ విసరండి.
3. వెబ్‌ఎంవీసీకాన్ఫిగరర్ క్లాస్‌లో యాడ్‌ఆర్గ్యుమెంట్‌రిజాల్వర్స్‌కు దాన్ని చేర్చండి.

## ఫోటోలు

లాట్ ఫోటోకు మల్టీపార్ట్‌ఫైల్ టైప్, @రిక్వెస్ట్‌పార్ట్. స్ప్రింగ్ బూట్ అప్రమేయంగా ఒక్కో ఫైల్‌కు 1 ఎంబీ, మొత్తం రిక్వెస్ట్‌కు 10 ఎంబీ మాత్రమే ఒప్పుకుంటుంది. ఇప్పటి ఫోన్ల ఫోటోలు అందులో పట్టడం కష్టం, ప్రాపర్టీస్‌లో పెంచుకోవాలి. ఫోటోతో పాటు జేసన్ ముక్క కూడా పంపుతుంటే, ఆ ముక్కకు జేసన్ అని కంటెంట్‌టైప్ క్లయింట్ విడిగా ఇవ్వాలి, లేకపోతే 415.

## హద్దులు, ఎర్రర్లు

బాడీ రికార్డ్ ముందు @వ్యాలిడ్ పెట్టకపోతే లోపలి @నాట్‌నల్‌లు అలంకారమే. పేజీ లాంటి విడి ఆర్గ్యుమెంట్లకు @మిన్, @మ్యాక్స్ నేరుగా పెట్టొచ్చు. స్ప్రింగ్ 6.1 నుంచి వీటిని ఫ్రేమ్‌వర్కే చూసి 400 ఇస్తుంది. అంతకుముందు క్లాస్ మీద @వ్యాలిడేటెడ్ పెట్టాల్సి వచ్చేది, ఆ దారిలో తప్పు దొర్లితే మనం పట్టుకోకపోతే 500 వచ్చేది. 6.1 కు వచ్చాక కంట్రోలర్ల మీది ఆ పాత @వ్యాలిడేటెడ్‌ను తీసేయండి.

తెలుగు పేర్లకు @సైజ్ పెట్టేటప్పుడు అది అక్షరాలను కాదు, జావా క్యారెక్టర్లను లెక్కిస్తుందని మరవకండి. 'మిర్చి' మన కంటికి రెండక్షరాలు, @సైజ్ లెక్కలో 6. ఇంగ్లిష్ పేర్లను చూసి 20 అని పెట్టిన హద్దు, మన ఊళ్లలో పెద్దగా అరుదేమీ కాని 'వెంకటసత్యనారాయణమూర్తి' దగ్గర విరిగిపోతుంది. ఆ పేరు చెల్లదని ఒక రైతుకు చెప్పే హక్కు మన కోడ్‌కు లేదు. ఉదారంగా పెట్టండి.

స్ప్రింగ్.ఎంవీసీ.ప్రాబ్లమ్‌డీటెయిల్స్.ఎనేబుల్డ్ ను ట్రూ చేస్తే ఈ 400 లన్నీ ఒకే రూపంలో, ప్రాబ్లమ్ డీటెయిల్ జేసన్‌గా వెళ్తాయి. ఏ ఫీల్డ్ తప్పిందో దానికి జతచేయడానికి @కంట్రోలర్‌అడ్వైస్ వాడండి.

## పరీక్ష

ప్రతి మెథడ్‌కు మంచి రిక్వెస్ట్‌తో పాటు ఇవీ పంపి చూడండి: విలువే లేకుండా, ఖాళీ విలువతో, అంకె చోట మాటతో, తెలియని ఫీల్డ్‌తో, తెలుగు మాటతో, ప్లస్ గుర్తుతో. వచ్చిన స్టేటస్ కోడ్‌తో ఆగకుండా, మెథడ్‌లోకి నిజంగా ఏ విలువ చేరిందో చూడండి. నా సగం రోజు పోయింది 200 ను నమ్మే కదా.

మాక్‌ఎంవీసీ టెస్టులు నిజమైన సర్వర్ లేకుండానే, వేగంగా నడుస్తాయి, చాలావరకు వాటితోనే సరిపోతుంది. అయితే దాని పరామ్ మెథడ్‌తో ఇచ్చిన విలువ యూఆర్ఎల్ ఎన్‌కోడింగ్ గుండా వెళ్లదు, ఉన్నదున్నట్టు కంట్రోలర్‌కు చేరుతుంది. +05:30 అక్కడ చక్కగా పాసై, అసలు సర్వర్‌లో విరుగుతుంది. ప్లస్ గుర్తుకూ తెలుగు మాటలకూ మాత్రం ర్యాండమ్ పోర్ట్‌లో నిజమైన సర్వర్ లేపి, యూఆర్ఎల్‌ను స్ట్రింగ్‌గా చేత్తో కట్టి పంపే టెస్ట్ ఒకటి తప్పక రాయండి.